ముస్లిముల గురించి నేను రాసిన ఒక పేజీ

నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన కాగితాలన్నీ కట్టలు కడితే ఒక ఆటో నిండుతుంది. కొటేషన్లు, గేటు పాసులు, జనరేటర్‌కి డీజిల్ కావాలన్న ఉత్తరాలు, లిఫ్టులో పాన్ ఉమ్మరాదన్న నోటీసులు. వాటిలో ఒక్క పేజీని మాత్రం దాచుకున్నాను. బాగా రాశానని కాదు. అంత ఘోరంగా ఇంకేదీ రాయలేదని.

ఇప్పుడు మాదాపూర్ అద్దాల మేడల్లో పనిచేసే పిల్లలు, మీకు ఆ రోజులు చెబితే నవ్వొస్తుంది. అప్పటికి మా ఆఫీసు చుట్టూ బండరాళ్ళే. మధ్యాహ్నం పూట ఎక్కడో రాయి పేల్చితే మా కిటికీ అద్దాలు గలగలమనేవి. కూకట్‌పల్లి నుంచి కంపెనీ బస్సొకటి వచ్చేది. అది తప్పితే ఆ రోజుకి సెలవు పెట్టుకోవడమే. నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ఇరవయ్యేళ్ళు స్టోర్సూ ఆఫీసు వ్యవహారాలూ చూసి, నలభై ఆరో ఏట ఈ సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర అడ్మిన్ ఆఫీసర్‌గా చేరాను. కంప్యూటర్ గురించి నాకు తెలిసిందల్లా దాని మీద దుమ్ము పడకూడదని.

అది రెండు వేల సంవత్సరం రాబోతోందని లోకమంతా కంగారుపడుతున్న డిసెంబర్. పాత కంప్యూటర్ ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండంకెలే రాసుకున్నారట. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే యంత్రాలకి మతిపోతుందట. అమెరికాలో ఒక బీమా కంపెనీ వాళ్ళ ప్రోగ్రాములు సరిచేసే పని మాది. ప్రతి సాయంత్రం ఐదూ ముప్పావుకి, వాళ్ళకి తెల్లవారే వేళకి, ఫోన్లో మాట్లాడుకునేవారు. ఆ రోజు ఇక్కడ ఏం చేశారో అప్పజెప్పడం, అక్కడివాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్పడం. ఆ ఫోన్‌కి టీమంతా హాజరు కావాలి.

సరిగ్గా ఆ డిసెంబర్‌లోనే రంజాన్ నెల వచ్చింది.

టీములో ఐదుగురు ముస్లిములు. వాళ్ళలో పెద్దది ముప్పై ఏళ్ళు దాటిన ఒకావిడ. మల్లేపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆవిడ పుట్టకముందు ఎవరో అమెరికాలో రాసిపెట్టిన ప్రోగ్రాములు కూడా ఆవిడకి అరచేతిలో గీతల్లా తెలుసు. మా ప్రాజెక్ట్ మేనేజర్ గారికి ఆవిడంటే గౌరవమూ, భయమూ. ఆయనది తెనాలి వైపు. మనిషి మంచివాడే గానీ అమెరికా నుంచి ఈమెయిల్ వస్తే లేచి నిలబడి చదివే రకం.

రంజాన్ మొదలైన రోజే నేను మొదటి తప్పు చేశాను. ఐదుగురూ ఉపవాసం ఉన్నారని తెలిసి నాకు జాలేసింది. మా అమ్మ ఏకాదశికి ఉపవాసం ఉండేది. అంటే అన్నం మానేసి ఉప్మా, అరటిపళ్ళు, రెండు గ్లాసుల వేడిపాలు పుచ్చుకునేది. నాకు తెలిసిన ఉపవాసం అదే. క్యాంటీన్ వాళ్ళతో గొడవపడి, పదకొండు గంటలకి ఐదు ప్లేట్లలో వేడి వేడి ఉప్మా, జీడిపప్పు ఎక్కువ వేయించి మరీ, అరటిపళ్ళతో సహా వాళ్ళ బల్లల మీద పెట్టించాను. పొగలు కక్కుతోంది. ఐదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆవిడ ప్లేటు మీద న్యూస్ పేపర్ కప్పి, "షుక్రియా సార్. సాయంత్రం తింటం" అంది.

"సాయంత్రానికి చల్లారిపోతుందమ్మా. పోనీ పాలు పంపించనా?"

"పాలు గూడ తాగం సార్."

"మంచినీళ్ళు?"

"నీళ్ళు గూడ. పొద్దు పొడవకముందు తిన్నం. ఇగ పొద్దు గూకినంకనే."

"నీళ్ళు కూడా తాగరా!" అని నేను అరిచిన అరుపుకి అవతలి గదిలోంచి ఇద్దరు తొంగిచూశారు.

అదే రోజు మధ్యాహ్నం ఇంకో సంగతి జరిగింది. మా జనరేటర్ ఆపరేటర్ కూడా ముస్లిమే. అరవై దగ్గర పడిన మనిషి. ఆఫీసంతా ఆయన్ని చిచ్చా, అంటే బాబాయ్, అని పిలిచేది. డీజిల్ లెక్క చూద్దామని షెడ్డు వెనక్కి వెళితే, చిచ్చా గోడవైపు తిరిగి గటగటా నీళ్ళు తాగుతున్నాడు. నన్ను చూసి చెంబు దించాడు. 'దొరికిపోయావులే' అన్నట్టు నవ్వి వచ్చేశాను. పొద్దున్నే కదా నాకు రంజాన్ గురించి జ్ఞానోదయం అయింది. అప్పుడే తీర్పులు చెప్పడం మొదలుపెట్టేశాను.

ఇక అసలు కథ. ఐదూ ముప్పావు అంటే ఆ రోజుల్లో సరిగ్గా సూర్యుడు దిగే వేళ. ఫోన్ మొదలవుతూనే ఐదుగురూ లేచి వెళ్ళి, ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చేవారు. మూడో రోజున అమెరికా నుంచి ఈమెయిల్ వచ్చింది. మీ వాళ్ళలో ఐదుగురు రోజూ ఒకే సమయానికి ఫోన్లో ఎందుకు పలక్కుండా పోతున్నారు అని. మేనేజర్ గారు యథాప్రకారం లేచి నిలబడి చదివి, ఆవిడని పిలిచారు. ఏదో కుర్చీల పని మీద నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"ఒక ఖర్జూరమేదో అక్కడే కూర్చుని నోట్లో వేసుకుంటే సరిపోదా అమ్మా?" అన్నారాయన.

"ఖర్జూరం నోట్లె వేసుకుంట సార్. నమాజ్ ఎట్ల వేసుకోను?" అందావిడ. "పొద్దు గూకంగనే చేసే మగ్రిబ్ నమాజ్‌కి టైం తక్కువుంటది. ఇరవై నిమిషాలే అడుగుతున్నం. పొద్దుగాల గంట ముందొస్త అన్న గదా."

"నాకేం అభ్యంతరం లేదండీ. వాళ్ళు ఒప్పుకోవాలి కదా. శుక్రవారం ఫోన్‌లో ఆ బీమా కంపెనీ పెద్దాయన్నే అడుగుదాం. ఆయన సరేనంటే సరే. కాదంటే మాత్రం సోమవారం నుంచి ఫోన్ అయ్యేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదు."

ఆవిడ గొంతు పెంచలేదు. "అట్లయితే సోమవారం నా రాజీనామా మీ టేబుల్ మీద ఉంటది సార్" అని వెళ్ళిపోయింది.

మేనేజర్ గారు కుర్చీలో కూలబడ్డారు. ఆవిడ లేకపోతే ఆ పని డిసెంబర్‌లో కాదు గదా, వచ్చే దసరాకి కూడా తెమలదు. ఆవిడకీ ఉద్యోగం తేలికగా వదులుకునే పరిస్థితి లేదని నాకు తెలుసు. ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది. ఆయన చూపు నా మీద పడింది.

"మీరు ఇంగ్లీషు బాగా రాస్తారు కదండీ. ముస్లిములంటే ఎవరు, ఈ రంజాన్ ఏంటి, ఒక్క పేజీ రాసివ్వండి. శుక్రవారం ఆయనకి మీరే చదివి వినిపించండి."

పొగడ్తకి పడిపోయే గుణం నాది. గంటలో రాసి పారేశాను. ఎవర్నీ అడగలేదు. ఎందుకు అడగాలి? హైదరాబాద్ వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. ముస్లిముల గురించి నాకు తెలియకపోవడమేంటి అనుకున్నాను. పైగా, మన ఆఫీసువాళ్ళూ తెలుసుకుంటారు కదా అని ఒక కాపీ నోటీసు బోర్డు మీద కూడా అంటించాను.

మర్నాడు గురువారం. మధ్యాహ్నం నా క్యారేజీ పట్టుకుని క్యాంటీన్ పక్కనున్న చిన్న గదికి వెళ్ళబోతే లోపల్నుంచి నవ్వులు. ఆవిడ నా నోట్ గట్టిగా చదువుతూ చిచ్చాకి తెలుగులో చెబుతోంది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"'ముస్లిములు అరబ్ దేశాల నుంచి వచ్చినవారు' అని రాసిండు చిచ్చా."

"నేనెప్పుడొచ్చిన అరబ్ దేశం కెల్లి? మాది సిద్దిపేట దిక్కు. మా తాత దూది ఏకెటోడు. మా ఇంట్ల తెలుగే మాట్లాడుతం. ఉర్దూ మాట్లాడితే నా పెండ్లామే నవ్వుతది."

"'వారి దేవుడు మహమ్మద్.'"

"తోబా, తోబా!"

"'మక్కాలో ఒక నల్లని రాతిని పూజింతురు. రంజాన్‌లో పళ్ళు, పాలు మాత్రమే తీసుకుందురు.'"

ఐదుగురూ విరగబడి నవ్వుతున్నారు. తిరిగి వెళ్ళిపోదామనుకుంటే క్యారేజీ తలుపుకి తగిలి ఠంగుమంది. అందరి తలలూ ఇటు తిరిగాయి.

మీకు నిజం చెప్పాలి. మొదట నాకు కోపమే వచ్చింది. మీకోసం రాస్తే మీరే వెటకారం చేస్తారా అని నోటిదాకా వచ్చింది. అంతలో ఆవిడ చేతిలో కాగితం చూశాను. దాని నిండా ఎర్ర సిరా. పొద్దున్నే బోర్డు మీంచి తీసి, వాక్యం వాక్యం దిద్దిపెట్టింది. వెక్కిరించడానికైతే అంత ఓపిక ఎందుకు పడుతుంది?

"రాండ్రి సార్, కూసోండ్రి" అంది. "మీ మనసు మంచిదే గానీ, గిది చదివి వినిపిస్తే మాత్రం నా ఉద్యోగం రేపే పోతది."

కూర్చున్నాను. జీడిమెట్లలో నా పక్క బల్ల స్టోర్‌కీపర్ గుర్తుకొచ్చాడు. పద్నాలుగేళ్ళు ప్రతి రంజాన్ పండక్కీ ఆయనింటి షీర్ ఖుర్మా గిన్నె నాకి మరీ తిన్నాను. ఆ పండక్కి ముందు నెలంతా ఆయన ఏం చేస్తాడో, ఎందుకు చేస్తాడో ఒక్కసారి కూడా అడగలేదు. ఇరవై ఆరేళ్ళలో నేను తెలుసుకున్నదల్లా మెనూనే. అప్పుడు నిజంగా సిగ్గేసింది.

"మొదట్నించి చెప్పమ్మా" అన్నాను.

"మొదలు ఒక్కటే మాట సార్. దేవుడు ఒక్కడే, ముహమ్మద్ ఆయన పంపిన ప్రవక్త. ఈ మాట మనసుల నమ్మి పలికితే ముస్లిం. అరబ్బులైనా, సిద్దిపేటోళ్ళైనా. మేం ప్రవక్తని ప్రాణం లెక్క ప్రేమిస్తం. పూజ మాత్రం చెయ్యం. పూజ అల్లాకే. ఆయనకి బొమ్మ లేదు, రూపం లేదు."

"మరి మక్కా?"

"కాబా అల్లా ఇల్లంటం. యాడున్నా అటు మొహం తిప్పి నమాజ్ చేస్తం. రాతికి కాదు సార్, దిక్కుకి. రోజుకి ఐదు సార్లు. ఇక్కడికెల్లి అది పడమటి దిక్కు. పైసలు, ఆరోగ్యం ఉన్నోళ్ళు జీవితంల ఒక్కసారి అక్కడికి హజ్ పోవాలె."

ఇంకో కుర్రాడు అందుకున్నాడు. ఉన్నవాడు ఏడాదికోసారి తన మిగులులో నలభయ్యో వంతు లేనివాడికి ఇచ్చి తీరాలట. దాన్ని జకాత్ అంటారట. దయతలిచి ఇచ్చేది కాదు, అది లేనివాడి హక్కు అని నొక్కి చెప్పాడు. రంజాన్ నెలలోనే ఖురాన్ దిగిరావడం మొదలైందట. అందుకే ఈ నెలకి ఇంత మర్యాద.

"అమెరికా ఆయనకి ఇది గూడ చెప్పండ్రి సార్" అంది ఆవిడ. "వాళ్ళ యేసుని మేం ఈసా అంటం. మూసా, ఇబ్రాహీం, అందరూ మాకు ప్రవక్తలే. మేమేదో కొత్త గ్రహం కెల్లి రాలే అని సమజయితది."

రాసుకుంటూ పోతున్నాను. చిచ్చా అప్పటిదాకా మూలన కూర్చుని వింటున్నాడు. మెల్లగా అన్నాడు, "సార్, నీళ్ళ సంగతి గూడ రాయి."

నా పెన్ను ఆగింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

"నాకు షుగరు. దవాఖానల డాక్టరు రోజా, గదే ఉపాసం, ఉండొద్దన్నడు. రోగమున్నోళ్ళకి, ముసలోళ్ళకి, బాటల ఉన్నోళ్ళకి, కడుపుతోని ఉన్న ఆడోళ్ళకి మాఫీ ఉంది. బాటల ఉన్నోడు తర్వాత ఉంటడు. నాకు ఇగ తగ్గేది లేదు గదా, అందుకని రోజుకొక గరీబోనికి అన్నం పెడ్త. గా రాళ్ళు కొట్టే కాడ ఒక ముసలాయన ఉన్నడు. నేను తెచ్చే డబ్బా ఆయనకే. మరి రోజా ఉన్నోళ్ళ ముందు తాగుడు బాగుండదని గోడ దిక్కు తిరిగి తాగిన. మీరేమో దొంగను పట్టినట్టు నవ్విండ్రు."

ఆ మాటకి మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. అప్పటికి నా క్యారేజీ అలాగే ఉంది. వాళ్ళ ముందు మూత తీయబుద్ధి కాలేదు. "తినండ్రి సార్, మాకేం కాదు" అని ఆవిడ ఎంత చెప్పినా, పౌరుషం పొడుచుకొచ్చింది. "రేపు నేనూ మీతోపాటు ఉంటాను" అని ప్రకటించేశాను.

ఇంట్లో మా ఆవిడ ప్రతిస్పందన ఊహించగలరు. "నీళ్ళు కూడా తాగరా!" అంది. శుక్రవారం చీకటితో లేచి పెరుగన్నం పెట్టింది గానీ, నా మీద ఆవిడకి నమ్మకం లేదని కళ్ళలో తెలుస్తూనే ఉంది.

ఆ నమ్మకం లేకపోవడం సబబే. మధ్యాహ్నం దాకా వీరుడిలా తిరిగాను. కొత్త నోట్ టైపు చేయించాను. మూడింటికి దాన్ని సరిచూసుకుంటుంటే రోజూలాగే క్యాంటీన్ మనిషి బల్ల మీద టీ గ్లాసు పెట్టి వెళ్ళాడు. రోజూలాగే చెయ్యి వెళ్ళింది. ముప్పావు గ్లాసు దిగాక గాని నాకు గుర్తు రాలేదు. ఒక్క రోజు, అదీ సగం రోజు. ఎవరికీ చెప్పకుండా మిగిలిన టీ కుండీలో మొక్కకి పోశాను.

ఐదున్నరకి అందరం ఫోన్ గదిలో చేరాం. బల్ల మధ్యలో స్పీకర్ ఫోన్. ఐదుగురూ వరసగా కూర్చున్నారు. ఆవిడ గుప్పిట్లో ఒక ఖర్జూరం. తలుపు దగ్గర చిచ్చా నిలబడ్డాడు. మాదాపూర్‌లో అప్పటికి అజాన్ వినబడేది కాదు, పాతబస్తీలోలా ఉపవాసం విడిచే వేళకి మోగే సైరనూ లేదు. అందుకని ఆయన జేబులో రంజాన్ టైముల కార్డు, చేతికి గడియారం. మేనేజర్ గారు చెమట తుడుచుకుంటున్నారు. పెద్దాయన సరే అనేదాకా ఎవరూ లేవొద్దని ముందే బతిమాలుకున్నారు.

ఫోన్ కుయ్యిమంది, గరగరమంది. అవతల పెద్దాయన గొంతు వినబడింది. నేను గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. ముస్లిములంటే ఒకే దేవుణ్ణి నమ్మి ఆయనకి తలవంచేవారని ఒక వాక్యం. వాళ్ళు ఏ ఒక్క దేశానికో భాషకో చెందరని, మా ఆఫీసులోనే తెలుగు మాట్లాడేవారున్నారని ఇంకో వాక్యం. ఈ నెలంతా సూర్యోదయానికి ముందు నుంచి సూర్యాస్తమయం దాకా ఉపవాసం ఉంటారని, మీకు ఫోన్ చేసే ఈ సమయమే మాకు సూర్యాస్తమయమని మూడో వాక్యం.

"ఆగండి, ఆగండి" అన్నాడాయన. "అక్కడ ఇప్పుడు సూర్యాస్తమయమా? మరి ఈ సమయమే కావాలని మీరు అడిగారని నాకు చెప్పారే?"

మేనేజర్ గారు ఫోన్ వైపు వంగారు. "లేదండీ. మీరు అడిగారనుకుని మేం..."

"నేనా? ఈ ఫోన్ కోసం నేను ఐదింటికి లేచి, చీకట్లో కారు అద్దం మీద మంచు గోక్కుంటున్నాను! మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. దయచేసి గంట ఆలస్యంగా పెట్టండి. రంజాన్ అయిపోయాక కూడా అలాగే ఉంచండి."

ఎనిమిది నెలలుగా వాళ్ళకి ఇష్టమని మేమూ, మాకు ఇష్టమని వాళ్ళూ ఆ ఫోన్‌కి హాజరవుతున్నాం. అడిగినవాడు లేడు. ముప్పై ఒక్క వరసల నా పేజీలో నేను చదివింది నాలుగు వరసలు.

"మిగిలింది పంపించండి, చదువుతాను" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు, "నిజంగా మంచినీళ్ళు కూడా తాగరా?"

ముందు నవ్వింది ఆవిడే. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. అవి ఉత్త నవ్వువల్ల వచ్చినవి కావని నాకు తెలుసు. మూడు రోజులుగా ఆవిడ మోస్తున్నది అప్పుడు దిగింది.

"టైమయింది బేటా" అన్నాడు చిచ్చా తలుపు దగ్గర్నుంచి.

చిన్న గదిలో బల్ల మీద ఖర్జూరాలు, కోసిన జామకాయలు, మిరపకాయ బజ్జీలు. మేనేజర్ గారు కూడా వచ్చి, ఎప్పుడు తినాలో తెలియక బజ్జీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ నాకో ఖర్జూరం ఇచ్చింది. దాన్ని నోట్లో పెట్టుకోలేకపోయాను.

"నేను అర్హుణ్ణి కాదమ్మా. మూడింటికి మరిచిపోయి టీ తాగేశాను. ముప్పావు గ్లాసు."

వాళ్ళందరూ నన్ను చూసి మొదలుపెట్టిన నవ్వు ఆపడానికి కాసేపు పట్టింది.

"మరిచిపోయి తాగితే రోజా ఇరగదు సార్" అంది ఆవిడ. "అల్లానే తాగిపిచ్చిండు అంటరు. గుర్తు రాంగనే ఆపిండ్రు గదా? అయిపాయె."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. అంత తీపి వస్తువు నేను అంతకుముందు తినలేదు, తర్వాతా తినలేదు. ఆ సంతోషంలో నా ఆశ పెరిగింది.

"అయితే నోటీసు బోర్డు మీద పెట్టిన నా మొదటి నోట్ సంగతేంటమ్మా? దానికీ మాఫీ ఉన్నట్టేనా?"

ఆవిడ గింజ తీసి ప్లేటు అంచున పెట్టింది. నమాజ్‌కి లేస్తూ, తలమీద కొంగు సర్దుకుంటూ నవ్వింది.

"అది మరిచిపోయి రాసింది గాదు సార్. అంతా తెలుసనుకొని రాసిండ్రు. దానికి మాఫీ లేదు. మళ్ళ రాసుడే."

నేను దాచుకున్నది ఆ ఎర్ర సిరా కాగితమే. రిటైరయ్యాక కూడా ఎవరి గురించైనా గట్టిగా ఒక మాట అనబోయే ముందు, బీరువా తీసి దాన్ని ఒకసారి చూసుకుంటాను. చాలాసార్లు ఆ మాట అనకుండానే బీరువా మూసేస్తాను.